చెక్క వాకిలి మీద కళ్ళాపి

మా ఇంటి ముందు అరుగులూ మెట్లూ పగలగొట్టించి చెక్క వాకిలి వేయించింది మా అబ్బాయి. వాడికి పటమటలో కలప అడితి ఉంది. ఎవరో తెప్పించుకుని తర్వాత వద్దనుకున్న దేవదారు చెక్కలు అక్కడ మిగిలిపోతే, లారీకెత్తించి చల్లపల్లి పంపాడు. మా ఇల్లు కాలవ గట్టు పక్కన మెరక మీద ఉంటుంది. ముందువైపు నేల రోడ్డు దాకా వాలుగా దిగిపోతుంది. ఆ వాలు మీద, గడపకు సమానంగా, పదిమంది కూర్చునేంత మేర చెక్క పరిపించాడు. రోడ్డువైపు అంచు దగ్గర దాని కింద నాలుగడుగుల లోతు ఉంటుంది, గేటుకు దిగడానికి పక్కనే చెక్క మెట్లు. పగలగొట్టిన మెట్ల రాళ్లు ఎత్తించకుండా చెక్క కిందే వదిలేశారు. ఆ రాళ్లను నేను తర్వాత చాలాసార్లు తలుచుకున్నాను.

వడ్రంగి మేస్త్రి మంగళగిరి నుంచి వచ్చి వారం రోజులు పనిచేశాడు. చెక్కకూ చెక్కకూ మధ్య ఒక మేకు నిలబెట్టి, ఆ సందు అలాగే ఉంచి బిగించాడు. కిందికి గాలి ఆడాలట. ఉప్పుకాగితంతో రుద్దుతుంటే లేత ఎరుపు పొడి లేచి, ఇల్లంతా అప్పుడే పెన్సిలు చెక్కిన వాసన వచ్చింది. నేను పెన్సిలు పట్టింది యాభై దాటాక, మా కోడలు నేర్పితే. అందుకని ఆ వాసన నాకు ఇష్టంగానే ఉంది. రెండు పూతలు నూనె పట్టించాక చెక్క తేనె రంగుకు తిరిగింది. కింద మోసే దూలాలు మాత్రం జామాయిల్‌వి. కనపడని చోటికి అవి చాలన్నాడు అబ్బాయి. మేస్త్రి మొహం చిట్లించాడు.

వెళ్లేటప్పుడు ప్లైవుడ్ ముక్క మీద మూడు మాటలు రాసి తలుపు వెనక తగిలించాడు. పొడి చీపురుతో ఊడవాలి. నీళ్లు పోయకూడదు. ఏటా వానలు వెళ్లాక నూనె పట్టించాలి. అక్షరం అక్షరం కూడబలుక్కుని నేనే చదివి, మా ఆయనకు వినిపించాను.

వారం రోజులు అలాగే పొడిగా ఊడ్చాను. ముగ్గు వేయలేదు. చెక్క దిగితే రోడ్డే, వేయడానికి వేరే చోటు లేదు. ఏడో రోజు ఎదురింటావిడ పాలకు వెళ్తూ మా గేటు దగ్గర ఆగిపోయింది.

"ఏం వదినా, ఇంట్లో అందరూ బానే ఉన్నారా? వాకిలి ఇట్టా పొడిగా చూసి గుండె గుభేలుమంది."

మా వైపు వాకిలి తడపకుండా, ముగ్గు పెట్టకుండా ఉండేది ఇంట్లో మనిషి పోయినప్పుడే. బానే ఉన్నామని నవ్వి పంపేశాను. మర్నాడు మధ్యాహ్నం అన్నం తింటూ మా ఆయన గుండె పట్టుకుని పక్కకు ఒరిగిపోయాడు. బెజవాడ తీసుకెళ్లి స్టెంటు వేయించాం. ఆరు రోజులకు ఇంటికి తెచ్చుకున్నాం. ఆ మర్నాడు తెల్లవారకముందే లేచి, బకెట్టు నిండా నీళ్లు తెచ్చి చెక్క మీద పోశాను. పేడ కలపలేదు, ఉత్త నీళ్లే. గడప ముందు బియ్యప్పిండితో నాలుగు గీతలు పెట్టాను. తలుపు వెనక రాత అక్కడే ఉంది. దాన్ని చూస్తూనే పోశాను.

అలా మూడేళ్లు. ఒక్క రోజు తప్పలేదు. చెక్కకు చేస్తున్న అపకారం తెలుసు కాబట్టి, నూనె విషయంలో మాత్రం లోటు చేయలేదు. మేస్త్రి ఏటా ఒకసారి అన్నాడు, నేను రెండుసార్లు పట్టించాను. మోకాళ్ల మీద కూర్చుని, పాత చీర ముక్కతో, నార పోయిన వైపే రుద్దుతూ. పైన చూస్తే కొత్తదానిలాగే ఉండేది. వచ్చినవాళ్లంతా మెచ్చుకునేవాళ్లు.

మూడో ఏడు వానల్లో వాసన మారింది. సందుల్లోంచి తడి గోనెసంచి వాసన పైకి వచ్చేది. చెక్కలకు బిగించిన మరల చుట్టూ నల్లటి మచ్చలు పడ్డాయి. తర్వాత చప్పుడు మారింది. మా ఆయన రబ్బరు బిళ్ల తొడిగిన చేతికర్రతో నడుస్తాడు. చెక్క మీద అది టకటకమనేది. గడపకు రెండడుగుల అవతల, సరిగ్గా ముగ్గు చోట, దబ్బుమని మెత్తగా వినిపించడం మొదలైంది.

ఆయన స్నానానికి వెళ్లినప్పుడు స్క్రూడ్రైవరు తెచ్చి సందులోంచి కింది దూలానికి పొడిచాను. ఉడికిన కందలోకి దిగినట్టు పిడిదాకా దిగిపోయింది. తీస్తే మొనకు నల్లటి తడి ముద్ద అంటుకుంది. దాన్ని చీర చెంగుకు తుడిచేసుకున్నాను.

ఎవరికీ చెప్పలేదు. చెబితే నీళ్లు మానెయ్యమంటారు. మానేస్తే ఏమవుతుందో నేను ఒకసారి చూశాను. మానకపోతే ఆయన ఏదో ఒకరోజు ఆ రాళ్ల మీద పడతాడు. రెండూ తెలిసి, పొద్దున్నే బకెట్టు నింపుకునేదాన్ని. ఆయన కుర్చీ లోపలి వరండాలోకి మార్చాను. ఎండ పడుతోందని ఒకరోజు, కుక్క వచ్చిందని ఒకరోజు, ఏదో ఒక వంకతో వంటింటి తలుపు వైపు నుంచి బయటికి పంపేదాన్ని.

"ఏంటే, సొంత ఇంట్లో నన్ను దొంగలా దొడ్డిదారిన తిప్పుతున్నావు?" అనేవాడు.

ఒకరోజు పొద్దున నేను పొయ్యి దగ్గర ఉండగా ముందు తలుపు గడియ తీసిన చప్పుడు వినిపించింది. వచ్చి చూసేసరికి గడప దాటాడు. పేపరు కోసం గేటు వైపు వెళ్తున్నాడు. చెక్క ఇంకా తడిగానే ఉంది. కర్ర ముగ్గు వైపు చాచాడు.

"ఆగండి. అక్కడ అడుగు వేయొద్దు," అన్నాను. 

ఆయన ఆగాడు. వెనక్కి తిరగకుండా, "ఎందుకు?" అన్నాడు.

"కింద దూలం కుళ్లిపోయింది. నేను రోజూ నీళ్లు పోస్తున్నా."

"తెలుసు. మూడేళ్లనుంచీ వింటున్నాగా, బకెట్టు చప్పుడు." కర్ర వెనక్కి తీసుకుని, మరలు బిగించిన వరస వెంబడే పక్క అంచున జరుగుతూ నా దగ్గరికి వచ్చాడు. "కర్ర చప్పుడు మారిన దగ్గర్నుంచీ నేను ఇటే నడుస్తా. నువ్వే చూళ్లేదు."

మరి వద్దని ఎందుకు చెప్పలేదని అడిగాను. కర్ర గోడకు ఆనించాడు.

"ఆ పొడి వారం నాకూ గుర్తే," అన్నాడు.

ఇద్దరం ఒకే భయాన్ని చెరో పక్క దాచుకుని తిరిగాం. ఆ సాయంత్రమే అబ్బాయికి ఫోను చేయించాను. మేస్త్రి మళ్లీ వచ్చాడు. చెక్కలు విప్పితే దేవదారు అడుగువైపు కూడా గట్టిగానే ఉంది. దూలాల్లో నాలుగు మాత్రం చేత్తో తుంచితే రాలిపోయాయి. తెల్లటి బూజు దారాల్లా అల్లుకుని రాళ్ల దాకా పాకింది. ముగ్గు కింద ఉన్న దూలం సగం లేనే లేదు. అక్కడ పై చెక్క దేని మీదా ఆనకుండా గాల్లో ఉంది.

"వాన పడితే మర్నాటికి ఆరుద్దమ్మా. రోజూ పోస్తే ఎప్పుడారుద్ది?" అన్నాడు మేస్త్రి. తలుపు వెనక రాత వైపు చూశాడు, నా వైపు చూడలేదు. ఈసారి దూలాలకూ మంచి కలప వేశాడు. రాళ్లు ఎత్తించేశాం.

ఇప్పటికి మూడు నెలలైంది. ఒక్క చుక్క పోయలేదు. అదే వేళకు మెలకువ వస్తుంది. పొడి చీపురుతో ఊడ్చి లోపలికి వచ్చేస్తాను. ఎదురింటావిడ ఇప్పుడేమీ అడగదు. పాలకు వెళ్తూ ముందు మా వాకిలి చూస్తుంది, తర్వాత లోపలికి చూస్తుంది. వచ్చే వారం ఆయన్ని బెజవాడ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

పొద్దున్నే ఆయన పేపరు కోసం ముందు తలుపునుంచే వెళ్తాడు. కర్ర చప్పుడు మొదట్లోలాగా గట్టిగా టకటకమంటూ వినిపిస్తుంది. మధ్యలో ఆగితే పొయ్యి తగ్గించి, మళ్లీ వినిపించేదాకా అలాగే నిలబడతాను.