మేరీరాణి ఖాళీ చేయించిన ఆఫీసు

లలిత్ పేరెత్తితే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. పోనీలెండి, చిన్నవాడు, వదిలేయండి అంటుంది మా ఆవిడ. నేను వదలను. ఎందుకు వదలనో చెప్పాలంటే ముందు మేరీరాణి గురించి చెప్పాలి.

ఈ బెంగాలీ వాళ్ల ఊళ్లో, భవానీపూర్‌ మెట్రో స్టేషన్ వెనక సందులో నాది ఫ్లెక్సులూ విజిటింగ్ కార్డులూ అచ్చేసే దుకాణం. నా పేరు అశోక్‌కుమార్. అందరికీ అశోక్ దాదాని. మేరీరాణిది టికియాపారా, మన తెలుగువాళ్లుండే బస్తీ. వాళ్ల నాన్న బైరాగి వీధులూడ్చే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఈ పిల్ల కాలేజీలో చదువుతూనే నా దుకాణంలో కూర్చుని డిజైన్ నేర్చుకుంది. నేను నేర్పానని డాబు కొట్టను. నాకొచ్చింది పెళ్లికార్డు మూలల్లో పువ్వులు పెట్టడమే. తనే చూసి, పాడుచేసి, మళ్లీ చేసి, లోగోల నుంచి వెబ్‌సైట్ల దాకా వెళ్లింది. ఎవరి కిందా ఉద్యోగం చేయకుండా సొంతంగా పనులు పట్టుకునేది. బెంగాలీ వాళ్ల దగ్గర మహా గట్టి మనిషి. ఏమేం చేయాలో, మార్పులు ఎన్నిసార్లు చేస్తుందో ముందే రాయించుకుని సంతకం పెట్టించుకునేది. సంతకం పడనిదే ఒక్క గీత గీసేది కాదు.

అంత గట్టి మనిషీ లలిత్ దగ్గర బోర్లాపడింది.

లలిత్ తెలుగువాడే, న్యూ టౌన్‌లో డిజైన్ కంపెనీ నడుపుతాడు. తండ్రి బ్యాంకు ఆఫీసరుగా బదిలీ మీద వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఉగాది సభకి మేరీరాణి వేసిన పోస్టరు చూసి తెగ మెచ్చుకుని, తన ఆఫీసుకొచ్చి పనిచేయమన్నాడు. వాళ్లమ్మ దుర్గాంబగారు ఇంటికి పిలిచి పులిహోర పెట్టారు, మావాణ్ణి అన్నయ్య అని పిలువు అన్నారు. ఆ పిల్ల పొంగిపోయింది. అద్దాల ఆఫీసులో ఏసీ కింద కూర్చుని తెలుగులో మాట్లాడుకుంటూ పనిచేయడం మా టికియాపారా పిల్లలకి దొరికే భాగ్యం కాదు మరి. కాగితం రాయించుకున్నావా అని అడిగితే నా మీద విసుక్కుంది.

"మనోళ్ల కాడ కాయితమేటి దాదా? ఏటనుకుంతారు?" అంది.

ఇది మా వాళ్లందరికీ ఉన్న జబ్బే. ఇక్కడ పుట్టిన పిల్లలకి తెలుగు మాట్లాడటమే తప్ప రాయడం రాదు. సాటి తెలుగువాడికి ఇంగ్లిష్‌లో మెసేజ్ పెడితే గొప్పలు పోతున్నట్టుంటుంది. బెంగాలీలో పెడితే పరాయివాణ్ణి చేసినట్టుంటుంది. అందుకని మనలో మనకి అంతా ఫోన్లోనే, నోటిమాటే. లలిత్ చెప్పడం, తను సరే అన్నయ్యా అనడం. పని కూడా అతని ఆఫీసు కంప్యూటర్ మీదే చేసింది, ఇంటికి కాపీ కూడా తెచ్చుకోలేదు.

చేసింది ఒక చీరల దుకాణం వెబ్‌సైటు. లోగో, రంగులు, పేజీలు, ఆఖరికి చీర మడత విప్పినట్టు తెరుచుకునే ఆ బొమ్మ కూడా మేరీరాణిదే. చూసినవాళ్లు కళ్లప్పగించేశారు. పని అవగానే పిలవడం తగ్గింది, ఆ తర్వాత లలిత్ ఫోనెత్తడమే మానేశాడు. అప్పటికైనా అనుమానం రావాలా? రాలేదు. అన్నయ్య బిజీగా ఉన్నాడంది.

కొన్నాళ్లకి పిల్లల పుస్తకాలు వేసే ఒక సంస్థ వాళ్లు డిజైనర్ కోసం చూస్తున్నారని తెలిసింది. బొమ్మలు, అట్టలు, వెబ్‌సైటు, అన్నీ ఒకరి చేతికే ఇస్తారట. మేరీరాణికి చిన్నప్పట్నుంచీ కావాలనుకున్న పని అది. తన పనుల్లో చీరల దుకాణం సైటు కూడా చూపించింది. ఆ సంస్థలో పెద్ద ఒక బెంగాలీ అక్క, అందరూ దిదీ అంటారు, జాగ్రత్త గల మనిషి, లలిత్‌కి ఫోన్ చేసి అడిగింది. వాడేమన్నాడో తెలుసా? అది మా కంపెనీ పని, ఆ అమ్మాయి ఫొటోలు ఎక్కించడానికి కొన్నాళ్లొచ్చింది, మా పని తనదని చెప్పుకుని తిరుగుతోంది అన్నాడు. దిదీ మేరీరాణిని పిలిపించి, దొంగిలించిన పని చూపించే మనిషి మాకక్కర్లేదని మొహం మీదే చెప్పేసింది.

ఆ పిల్ల తిన్నగా నా దుకాణానికొచ్చింది. ఏడవలేదు. నేనే తిట్టాను లలిత్‌ని, నాకొచ్చిన మూడు భాషల్లోనూ. వాడి నోట్లో మన్ను పడ అన్నాను. అంతా విని ఒకటే మాటంది.

"నన్ను దొంగన్నాడు దాదా. ఆడి ఆఫీసు ఖాళీ అయ్యేవరకూ నాను ఊరుకోను."

వెళ్లి గొడవ చేస్తుందేమో అనుకున్నాను. చేయలేదు. లలిత్ కంపెనీ ఎవరి రెక్కల మీద నడుస్తోందో తనకి బాగా తెలుసు. అంతా మన పిల్లలే. టికియాపారా వాళ్లు, ఖరగ్‌పూర్ నుంచి వచ్చేవాళ్లు, అందరూ అన్నయ్యా అన్నయ్యా అంటూ నోటిమాట మీద పనిచేసేవాళ్లు. వాళ్లని ఒక్కొక్కరినీ పట్టుకుని ఆదివారాలు నా దుకాణంలో కూర్చోబెట్టింది. నేను టీలు తెప్పించాను, షట్టర్ సగం దించాను. ఆ పని చేయడంలో నాకెంత ఆనందమో చెప్పలేను.

ఏం నేర్పిందంటారా? పని ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో రాయించుకోమంది. ఫోన్ పెట్టేశాక, మీరిలా చెప్పారు, నేనిలా చేస్తున్నాను అని రెండు ముక్కలు మెసేజ్ పెట్టమంది. తెలుగు రాకపోతే ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగే రాయండి, ఏ అన్నయ్యా చచ్చిపోడు అంది. మొదటి నమూనా చిన్న సైజులో, మీద మీ పేరు అడ్డంగా వేసి పంపమంది. అసలు ఫైలు ఆఖరి రోజు దాకా చెయ్యి దాటనివ్వొద్దంది. సొంత కంప్యూటర్ మీదే చేయమంది, ఎంత పాతదైనా సరే. అన్నిటికన్నా ముఖ్యం, ఈ పని నేను చేశానని నలుగురికీ చూపించుకునే హక్కు ఒప్పందంలో రాయించుకోమంది. అది లేకపోతే పని చేసీ చేయనివాళ్లం అవుతామని చెప్పింది.

ఒక పిల్ల, రాజకుమారి, మా కోసం ఎంత కష్టపడుతున్నావక్కా అంది. మేరీరాణి మొహం చిట్లించింది. మీ కోసం కాదు, వాడి కోసం చేస్తున్నాను, మీకు మంచి జరిగితే జరగనీ అంది. నేను పక్కనే ఉండి నవ్వుకున్నాను.

పిల్లలు వెళ్లి లలిత్‌ని కాగితం అడగడం మొదలుపెట్టారు. మొదట నవ్వాడు, తర్వాత కసిరాడు, ఆ తర్వాత మనవాళ్లకి విశ్వాసం లేదని ఊరంతా చెప్పుకున్నాడు. ఒకరి తర్వాత ఒకరు మానేశారు. బయటివాళ్లని పిలిస్తే వాళ్లూ కాగితమే అడిగారు. ఇంతలో దుర్గాపూజ దగ్గరపడింది. చీరల దుకాణం వాళ్లకి కొత్త పేజీలు, ప్రకటనలు అన్నీ చేసిస్తానని ఒప్పుకుని ఉన్నాడు. ఆఫీసులో కుర్చీలున్నాయి, కూర్చునేవాళ్లు లేరు.

అప్పుడొచ్చాడు టికియాపారాలో మేరీరాణి ఇంటికి, తల్లిని వెంటబెట్టుకుని. మేరీరాణి ముందే నాకు ఫోన్ చేసి పిలిచింది, నేను దుకాణం మూసేసి మరీ వెళ్లాను. దుర్గాంబగారు మంచం అంచున కూర్చున్నారు. బైరాగి ఇచ్చిన టీ చేతిలో పట్టుకున్నారు గాని తాగలేదు. నువ్వూ నాకు కూతురి లాంటిదానివే అన్నారు. లలిత్ అయిందేదో అయిపోయిందన్నాడు, పూజ పని చేసిపెట్టు అన్నాడు. ఎంతైనా ఇస్తానన్నాడు.

ముందు ఆ దిదీకి నిజం రాయమంది మేరీరాణి. చీరల దుకాణం వాళ్లకి కూడా కాపీ వెళ్లాలంది. వాడి మొహం నల్లబడిపోయింది. తల్లి వైపు చూశాడు. ఆవిడ గోడ వైపు చూశారు. చేసేది లేక అక్కడే కూర్చుని ఫోన్లో రాశాడు. ఆ సైటు మొత్తం మేరీరాణి చేసింది, నేను చెప్పింది అబద్ధం అని. పంపేదాకా తను వాడి భుజం వెనకే నిలబడింది.

కాసేపటికి దిదీయే మేరీరాణికి ఫోన్ చేసింది. చాలా తప్పు జరిగిందంది, క్షమించమంది. ఎవరెవరికి నీ గురించి చెడ్డగా చెప్పానో వాళ్లందరికీ నేనే చెప్తానంది. కానీ ఆ పని వేరేవాళ్లకి ఇచ్చేశాం, పుస్తకాలు అచ్చుకి కూడా వెళ్లిపోయాయంది. మేరీరాణి థాంక్యూ చెప్పి ఫోన్ పక్కన పెట్టింది.

"మరి పూజ పని ఈరోజే మొదలుపెడదామా, మేరీ?" అన్నాడు లలిత్.

"నాను సెయ్యను."

"రాయమన్నావు, రాశాను కదా. ఇంకా ఏం కావాలి నీకు? ఇది పగ కాకపోతే ఏమిటి?"

"పగే అన్నయ్యా," అంది మేరీరాణి, తలుపు పూర్తిగా తెరుస్తూ. "మరేటనుకున్నావు?"