ఎమ్మెస్సీ పిల్ల చేతికి హాజరు పుస్తకం

జీవవైవిధ్యంలో ఎమ్మెస్సీ చేసిన పిల్ల చేత ఆఫీసులో హాజరు రాయించారు, వచ్చినవాళ్లకు టీలు ఇప్పించారు. ఇది అన్యాయం. అప్పుడూ అదే అన్నాను, ఇప్పుడూ అదే అంటాను.

ఆ పిల్ల మా తమ్ముడి కూతురు. తొంభైల్లో, వానల్లేక వేరుశనగ చేలు నిలువునా ఎండుతున్న కాలంలో, పావగడలో కరువు భూములను బాగుచేసే ప్రాజెక్టు ఒకటి పెడితే అందులో చేరింది. ఆమె చదువు మావాళ్లకు నవ్వులాట.

"గడ్డి పీకేది నాకూ వచ్చు బావా, నాకూ ఇప్పీ ఎమ్మెస్సీ" అనేవాడు మా బావమరిది.

నేను బడి మొహం చూడలేదు. పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదవడం నేర్చినవాణ్ణి. ఇంకొకరి చదువు మూలన పడుతుంటే ఒళ్లు మండదా? సంతకు వెళ్లినప్పుడల్లా, పిల్లకు చదువుకు తగ్గ పని ఇవ్వమని ఆ ప్రాజెక్టు ఆఫీసరును అడిగేవాణ్ణి. "చూద్దాం పెద్దాయనా" అనేవాడు. ఏం చూశాడో ఆయనకే తెలియాలి.

ఒకరోజు నిడుగల్లులో మీటింగు పెట్టారు. నేనూ వెళ్లాను. ఊరి గొర్రెలు మేసే గోమాళానికి కంచె వేసి నీలగిరి చెట్లు నాటుతామన్నాడు ఆఫీసరు. ఊరు ఒప్పుకుంటేనే పని.

"నీలగిరాకు మా గొర్రెలు తింటాయా సారూ? ముందు నువ్వు తిని సూపీప్పా!" అంది ఓ ముసలామె.

నవ్వుకుంటూ జనం లేచారు. అప్పుడు మా పిల్ల టీ గ్లాసులు కింద పెట్టి ముందుకొచ్చింది.

"కూచో అవ్వా. నీలగిరి వద్దు, అంతా ఒకేసారి మూసేదీ వద్దు. మొదట ఒక ముక్కకే కంచె వేసి మూస్తాం. గడ్డి లేచినాక అది తెరిచి ఇంకోటి మూస్తాం. తుమ్మచెట్లు ముట్టం. ఎండాకాలం మందకు ఆ కాయలే కదా మేత!"

"ఈ మాట ఆ సారు యాల చెప్పల్యా?"

"నేను చదివింది ఇదే అవ్వా. యా గడ్డి యాడ లేస్తాదో చూసేది, మందలోళ్లతో కూచుని మాట్లాడేది, రెండూ నేర్పినారు."

ముసలామె కూర్చుంది. ఆమె వెనకే మిగతావాళ్లూ. "ఈ పాప గోమాళంలో పని చూసుకునేట్లయితే మాకు సమ్మతం. లేకుంటే కంచె లేదు, ఏమీ లేదు" అని తేల్చేశారు.

ఆఫీసరు మొహం మాడిపోయింది. జీపెక్కబోతుంటే అడ్డం నిలబడ్డాను. "ఇప్పుడైనా చూశారా సార్? ఆ పిల్లను ఏం చేస్తారు?"

సీట్లో కూర్చుని, తలుపు లాక్కుని అన్నాడు: "రేపట్నుంచి ఈడికే రమ్మను పెద్దాయనా. బస్సులో రావాల. జీపు మాత్రం అడగొద్దు."