గుహ తాళానికి పెట్టిన బొట్టు

నా చిన్నప్పుడు ఆ గుహకి తలుపు లేదు. భీమిలి రోడ్డు పక్కన కొండ కింద నోరు తెరుచుకుని ఉండేది. వానొస్తే మేకలూ మేమూ కలిసే అందులో దూరేవాళ్ళం. లోపల చివర్న మా గంగమ్మ. విగ్రహమేమీ కాదు, పసుపు పూసి పూసి నున్నబడ్డ రాయి. తుఫాను రోజులు పోయి తెప్ప మళ్ళీ సముద్రంలో దిగే పొద్దున ఇంటి ఆడది వెళ్ళి ఆ రాయికి బొట్టు పెట్టి రావాలి. అది కానిదే మా తాతయ్య తెప్ప మీద చెయ్యి వేసేవాడు కాదు.

నాకు పదేళ్ళొచ్చేసరికి ఆ గుహ మ్యూజియం అయింది. అద్దాల పెట్టెల్లో గవ్వలు, సీసాల్లో చేపలు, గోడకి సొరచేప దవడ. టూరిస్టు బస్సులు ఆగేవి. గంగమ్మ చుట్టూ తాడు కట్టి, 'ప్రాచీన శిల, తాకరాదు' అని బోర్డు పెట్టారు. ఏం ప్రాచీనమో ఏమో, మొన్నటిదాకా మేం నీళ్ళు పోసిన తల్లి! వాచ్‌మన్ మా పేటవాడే కాబట్టి, మా కోసం ఆ తాడు ఎత్తిపట్టేవాడు.

ఒక ఏడు తుఫాను రోజులు పోయాక మామ్మా నేనూ పసుపు కుంకాలతో వెళ్తే ఇనుప గేటుకి తాళం.

"నానేటి సెయ్యను పిన్నీ? సెలవంట. తాళంచెవి ఆఫీసరుగారు అట్టుకుపోనారు" అన్నాడు వాచ్‌మన్, తల వంచుకుని.

మామ్మ బతిమాలింది. గేటు పట్టుకుని ఊపింది. నా చెయ్యి సన్నం కదా అని ఊచల్లోంచి పెట్టమంది. భుజం దాకా దూర్చినా రాయి ఎక్కడో చీకట్లో ఉండిపోయింది. నాకు ఏడుపొచ్చింది. ఇంట్లో గంజికి గింజ లేదు. తాతయ్య ఆ రోజు వేటకి వెళ్ళి తీరాలి, బొట్టు పెట్టలేదంటే వెళ్ళడు. చివరికి మామ్మ ఆ తాళానికే పసుపు రాసి బొట్టు పెట్టింది.

ఒడ్డున తాతయ్య అడిగాడు. "అమ్మకి బొట్టెట్టినావేటే?"

"ఎట్టీసినాను. అమ్మ నవ్వుతన్నాది. నువ్వెల్లు."

ఆయన నిశ్చింతగా తెప్ప తోసుకుపోయాడు. మామ్మ నన్ను దగ్గరికి లాక్కుంది.

"ఒలే గుంటా, తాతకి సెప్పకే. బయపడినోడి సెయ్యి తెడ్డు మీద నిలవదు. ఆ బయం నాకాడే ఉండనీ."

పొద్దుగూకే దాకా మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఇసుకలో కూర్చుంది. తెప్ప ఒడ్డుకి తగలగానే బావురుమంది.

"ఏటే, నానొచ్చీసినానని ఏడుత్తన్నావా?" అని తాతయ్య ఎకసెక్కమాడాడు. నిజం ఆయనకి చివరిదాకా తెలియలేదు.

నేనూ మా ఆయన్ని, తరవాత నా కొడుకునీ అలాగే నవ్వుతూ సముద్రం మీదికి పంపాను. భయం మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను.