అయిదింటి పాట

మా ఆయన హమురా కొసాకు నలభై ఏళ్లు టీవీ బొమ్మల కథలకు సంగీతం కట్టాడు. బొమ్మలు ఇంకా గీయకముందే స్టూడియో నుంచి కబురొచ్చేది: చిన్న ఏడుపు ఒకటి, తరుముకోవడం ఒకటి, రాక్షసుడు నిద్ర లేవడం ఒకటి కావాలని. ఈయన రాసిచ్చేవాడు. వాటిని ఎక్కడ కత్తిరించి ఎక్కడ అతికించారో టీవీలో చూసి, అన్నం ముందు కూర్చుని పళ్లు కొరికేవాడు.

“ఒక్క పాటైనా చివరిదాకా వినిపించనివ్వరే! ప్రకటన అడ్డం పడుతుంది!”

“చారు చల్లారిపోతోంది. ముందు తాగండి” అనేదాన్ని నేను.

అందుకే పని మానేశాక, మా ఊళ్లో రోజూ సాయంత్రం అయిదింటికి స్తంభాల మీది మైకుల్లో వేసే పాట కొత్తది కట్టమని మునిసిపాలిటీ వాళ్లు అడగగానే మనిషి పొంగిపోయాడు. ఆడుకునే పిల్లల్ని ఇంటికి పంపే పాట అది. దానికి కత్తిరింపు లేదు, ప్రకటన లేదు. వేసవంతా పియానో వదల్లేదు మహానుభావుడు.

ఆకులు రాలే కాలంలో మొదటిసారి వేశారు. నేనూ పార్కుకి వెళ్లాను. అబ్బ, ఎంత బాగుందో! ఒళ్లు జలదరించింది. పిల్లలు బంతి వదిలేసి మైకు స్తంభం కింద చేరి నోళ్లు తెరుచుకుని విన్నారు. అయిపోయినా కదల్లేదు. ఇప్పుడు కథ మొదలవుతుందన్నట్టు నిలబడ్డారు! పిల్లల్ని కట్టిపడెయ్యడమే ఈయనకొచ్చిన విద్య. లేపి పంపడం ఏనాడు నేర్చాడు గనక?

వారం తిరిగేసరికి తల్లులు మునిసిపాలిటీ మీద పడ్డారు. అక్కడి గుమాస్తా నొగామి మా గుమ్మంలో తల వంచుకు నిలబడ్డాడు.

“మాస్టారూ, పాట అద్భుతం. కానీ పిల్లలు ఇళ్లకి పోవట్లేదండీ. పాతదే వేసేయమంటున్నారు.”

“ఏం, వినడం తప్పా?”

“తప్పని కాదండీ... చీకటి పడిపోతోంది.”

అతను వెళ్లాక ఈయన మొహం చూడలేకపోయాను.

“ఏం చెయ్యమంటావే, ఫుసాయే?”

“నన్నడుగుతారేంటి? టీవీలో మీ పాట తెగినప్పుడు పిల్లలేం చేసేవాళ్లు?”

“ఏం చేస్తారు? లేచి చిరుతిండికో, బాత్రూముకో పరిగెత్తేవాళ్లు...” అంటూనే లేచి పియానో దగ్గరికి వెళ్లాడు.

పెన్సిలు తీసి, పాట చివరి భాగాన్ని తన చేత్తోనే కొట్టేశాడు.

సోమవారం ఇద్దరం పార్కులో నిలబడ్డాం. పాట పైకి పైకి వెళ్లి ఠక్కున ఆగింది. పిల్లలు తలెత్తి స్తంభం వంక చూశారు. “అయిపోలేదుగా! ఇంకా ఉందిగా!” అని ఒక పిల్ల అరిచింది. వారమంతా విన్నవాళ్లే కదా, మిగతాది గొంతెత్తి వాళ్లే అందుకున్నారు. పాడుతూనే సంచులు తగిలించుకుని తలో దిక్కుకీ పరుగు తీశారు. పాట సందు సందునా ఇళ్లదాకా వెళ్లి, అక్కడ పూర్తయింది.

“శ్రుతి తప్పుతున్నారే” అన్నాడు మా ఆయన, కళ్లు తుడుచుకుంటూ.

“తప్పనివ్వండి. పదండి, మనకీ అయిదయింది” అన్నాను.