ఎదురుకోళ్ల కారుకు కొత్త టైర్లు

కారులో డ్రైవరు పక్కన కూర్చుంటే నా కుడికాలు ఊరుకోదు. నా కాళ్ల దగ్గర బ్రేకు లేదని తెలుసు. అయినా ముందు గేదె కనిపిస్తే చాలు, బలంగా తొక్కుతుంది. స్టీరింగు పట్టింది నా కడుపున పుట్టిన పిల్ల అయితే ఇక చెప్పేదేముంది! జనగామ నుంచి మానుకోట పోయి వచ్చేసరికి పిక్క రాయిలా అయ్యేది. బోర్డు మీద మహబూబాబాద్ అని ఉంటుంది గాని మా నోటికి అది మానుకోటే.

మాది ఎర్ర కారు. రెండే తలుపులు, పైకప్పు వెనక్కి మడిచిపెట్టొచ్చు, నేలకు ఆనుకుని ఉంటుంది. పందేల్లో ఉరికే జాతి అని మా ఆయన చెప్పేవాడు. హైదరాబాదులో ఎవరో గొప్పవాళ్ల ఇంట్లో చెడిపోయి మూలన పడి ఉంటే తెచ్చుకున్నాడు. మెకానిక్కు కదా, అంతా విప్పి మళ్లీ బిగించి నడిపించాడు. మాకు పందేలెక్కడివి? పెళ్లిళ్లకు పెట్టాడు. ఎదురుకోళ్లలో, అంటే పెళ్లికొడుకు వాళ్లను పిల్ల తరఫువాళ్లు ఊరి మొదట్లో ఎదురేగి పిలుచుకునేటప్పుడు, పిల్లవాడు ఆ కారులో వస్తే పొయ్యి మీద కూర వదిలేసి ఆడవాళ్లు బయటికి వచ్చేవారు. ఆయన పోయాక నా బిడ్డ నడుపుతోంది. నేర్పింది వాళ్ల బాపే. మా ఇద్దరి బువ్వ ఆ కారు మీదే.

నేనూ వెంట పోతాను. పెళ్లి ఊరి పొలిమేర రాగానే దిగిపోతాను. బొట్టు తీసేసినదాన్ని, పెళ్లికొడుకు ఎక్కే కారులో నాకేం పని? ఒకరు అనకముందే దిగితే మర్యాద. కారు ముందు పోతుంది, నేను వెనక నడిచిపోయి వంటల దగ్గర కూర్చుంటాను.

టైర్లు మా ఆయన తన చేతులతో బిగించినవి. కారు పుట్టినప్పుడు ఏ కంపెనీవి ఉన్నాయో అవే, విదేశాలవి. "గుర్రానికి గాడిద నాడాలు ఎయ్యొద్దు" అనేవాడు. ఆయన పోయి ఏళ్లయినా వాటి గీతలు అరగలేదు. ఎట్లా అరుగుతాయి? కారు ముందు డప్పులు, ఆడేవాళ్లు. మనిషి నడక కన్నా మెల్లగా పోవాలి. మిగతా రోజులు రేకుల షెడ్డులో ఉంటుంది. ఎవరైనా వస్తే నేనే గొప్పగా చూపించేదాన్ని, "జూడుండ్రి, ఇయ్యాల్నే షాపుల నుంచి తెచ్చినట్టు లెవ్వా?" అని. ఆయన చెయ్యి ఇంకా ఆ కారు కింద కాపు ఉందని నా ధీమా.

మొన్నటి యాసంగి కోతలప్పుడు కేసముద్రంలో ఒక పెళ్లి పని ముగించుకుని తిరిగి వస్తున్నాం. నెల్లికుదురు దాటాం. రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోసి ఉన్నాయి. మా వైపు ఇది మామూలే, మిగిలిన సగంలోనే బండ్లన్నీ సర్దుకోవాలి. ఎదురుగా ట్రాక్టరు వచ్చింది. బిడ్డ పక్కకు తీసి బ్రేకు తొక్కింది. నేనూ తొక్కాను. కారు ఆగలేదు. వడ్ల మీద వెనక భాగం పక్కకు తిరిగింది. గాజు మీద గోలీ జారినట్టు జారి, కుప్పలో ముక్కు దూర్చి ఆగింది. కుప్పకు అవతల ఒక ముసలవ్వ పార పట్టుకుని నిలబడి ఉంది. కుప్ప లేకపోతే ఆమె లేదు.

"ఏందే పిల్లా! వడ్లు దంచిపెట్టుమని నిన్నెవలడిగిండ్రే?" అని అరిచింది.

"జారింది అవ్వ. తప్పయింది. నీకేం కాలే గదా?" అంది నా బిడ్డ.

"నాకేమయితది? యముడొచ్చినా, వడ్లెత్తినంక వస్త ఆగు అంట. నీ మొకం జూసుకో, సున్నం గొట్టినట్టున్నది. దిగు, దిగి కుప్ప మంచిగ జెయ్యి."

ఇద్దరం దిగి చేతులతో వడ్లు తోశాం. ఆమె పారతో సాయం చేస్తూనే తిట్టింది, తిడుతూనే మంచినీళ్లిచ్చింది. ఇంటికొచ్చాక కూడా నా చీర కుచ్చిళ్లలోంచి వడ్లు రాలాయి. వాటిని చూసి కూర్చుండిపోయాను. మొగుడు పోయాడు. ఇక ఈ ఒక్క పిల్ల. కారు కోసం దీన్ని పోగొట్టుకుంటానా?

మా మరిది, అంటే మా ఆయన తమ్ముడు, సంగతి విని వచ్చాడు. "నేను ముందుగాల్నే చెప్పిన గదా వదినె! ఆడివిల్ల చేతికి రేసు కారేంది? అమ్మేద్దాం. పిల్లకు కుట్టు మిషను కొనియ్యి."

"కాకా, నువ్వు స్కూటరేసుకొని మోరీల వడ్డప్పుడు నీకు కుట్టు మిషను కొనియ్యలే గదా?" అంది నా బిడ్డ.

వాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. లోపల నేను మరిది వైపే ఉన్నాను. భూపాలపల్లి దిక్కు ఒక పెళ్లికి అప్పటికే మాట ఇచ్చేశాం. బిడ్డతో ఒకటే చెప్పాను: "టైర్లు చూపిద్దాం. అయినా ఇంకొక్కపారి జారిందనుకో, అమ్ముడే. మల్ల నన్నడగొద్దు." అది తల ఊపింది. ఆ రోజు అన్నం సరిగా తినలేదు.

మానుకోటలో టైర్ల భాయ్ ఉన్నాడు, మా ఆయనకు పాత దోస్తు. మెల్లగా కారు అక్కడికి పట్టుకుపోయాం. ఆయన గీతలు చూసి, "మంచిగనే కనవడుతున్నయి గదా భాబీ" అన్నాడు. నేను వంగి టైరు పక్కన గోరుతో నొక్కాను. దిగలేదు. సన్నటి పగుళ్లు, ఎండిన చెరువులో మట్టిలా. మా డాబా మీద మరిచిపోయిన రబ్బరు చెప్పులు గుర్తొచ్చాయి. చూడ్డానికి కొత్తవే. వేసుకుని తడిబండ మీద కాలు పెట్టిన నాడు నడుం విరిగేంత పని అయింది.

"భాయ్, గివి ఎండల ఎండిన చెప్పుల లెక్క అయినయి" అన్నాను.

ఆయన కూడా నొక్కి చూశాడు. "అరే, కట్టె అయింది భాబీ! నడవక నడవక గిట్లయినయి. నేను సుత గీతలు జూసే మోసపోయిన."

పాత కంపెనీవి తెప్పించాలంటే ఎంతో చెప్పాడు. ఆ మాట విని నేను షాపులో పడి ఉన్న ఒక టైరు మీదే కూలబడ్డాను. అప్పుడు ఇంకో కంపెనీవి దించాడు. అదే సైజు, అవీ ఉరికే కార్లకు చేసినవే, ధర సగం కన్నా తక్కువ. వేలితో నొక్కితే మెత్తగా ఉన్నాయి.

"సగం ధరంటే సగమే ఆపుతయా భాయ్?"

"లే భాబీ! పందేలు ఉరికేటోళ్లకు తేడా తెలుస్తది. పెండ్లికొడుకుకేం తెలుస్తది? జర జల్ది అరుగుతయి, గంతే. పట్టు మాత్రం మంచిగుంటది."

"ఆయన ఉంటే ఒప్పుకునేటోడా?"

భాయ్ కాసేపు చెయ్యి తుడుచుకున్నాడు. "మీ ఆయనా? నాతోని కొట్లాడేటోడు. చాయ్ తాగి మల్ల కొట్లాడేటోడు. బిడ్డ నడుపుతదంటే మాత్రం గివ్వే ఎయ్యుమనేటోడు."

ఆ మాట నాకు చాలు. నాలుగూ మార్పించాను. పాతవి మూడు అక్కడే వదిలి ఒకటి ఇంటికి తెచ్చుకున్నాను. దాని మీద కూర్చునే ఇప్పుడిది చెప్తున్నాను, బిడ్డ రాస్తోంది. పీట లాగా గట్టిగా ఉంది. దానికి ఆ పనే తగింది.

టైర్ల కింద పెట్టే నిమ్మకాయలు బిడ్డ నా చేతికే ఇచ్చింది. నేను వెనక్కి తగ్గాను. "నువ్వే పెట్టు అమ్మ. ఈ కార్ల ఎక్కేది మనమే గదా" అంది. "పెట్టుర్రి భాబీ, లేకుంటే నేనే పెట్టాల్నా ఏంది?" అని భాయ్ నవ్వాడు. పెట్టాను. కారు కదిలి నాలుగూ చిట్లాయి. "కొత్తయి జర నున్నగుంటయి బేటీ, మొదట మెల్లగ పోనియ్యి" అని ఆయన వెనక నుంచి కేకేశాడు.

భూపాలపల్లి పెళ్లినాడు తెల్లవారే వాన పడింది. మొగుళ్లపల్లి దాటి పోతున్నాం. ఆ దిక్కు బొగ్గు లారీలు ఎక్కువ. వాన, బొగ్గు కలిసి రోడ్డంతా నల్లటి బురద. మా ముందర ఒక లారీ. ఉన్నట్టుండి దాని వెనక ఎర్ర లైట్లు వెలిగాయి. బిడ్డ బ్రేకు తొక్కింది. నేను రెండు కాళ్లతో తొక్కి కళ్లు మూసుకున్నాను. చప్పుడు కోసం చూస్తున్నాను. కారు వెనక భాగం తిరుగుతుందని, ఇనుము ఇనుముకు తగులుతుందని.

ఏ చప్పుడూ రాలేదు. కళ్లు తెరిచాను. లారీ అక్కడే ఉంది. మేం ఇక్కడే ఉన్నాం, వంకర లేకుండా, గీత గీసినట్టు. మధ్యలో ఎడ్లబండి తిరిగేంత జాగా. ఆ జాగాలోంచి మేకలు దాటుతున్నాయి. వాటి వెనక గొంగడి కప్పుకున్న ముసలాయన కారులోకి తొంగి చూశాడు.

"గిదేం కారు బిడ్డా! నా పొట్టేలు కంటే పొట్టిగున్నది."

నవ్వాను. నవ్వుతుంటే కళ్లలోంచి నీళ్లు కారాయి. ఎంత నవ్వానంటే ఆ పొట్టేలు కూడా ఆగి చూసింది.

"అమ్మ, ఇగ కాలు తియ్యి" అంది నా బిడ్డ. "ఆపింది నేను, నువ్వు గాదు."

పొలిమేరలో ఎప్పటిలాగే దిగిపోయాను. డప్పులు దూరంగా వినిపిస్తున్నాయి. కారు ముందుకు పోయింది. తడిమట్టిలో రెండు చాళ్లు పడ్డాయి, కొత్త గీతలు ముగ్గు అచ్చు వేసినట్టు. ఎటూ వంగలేదు. వాటి పక్కనే, చెరపకుండా నడిచి వంటల దగ్గరికి పోయాను. ఆ పూట రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు పరకాల దాకా గుర్తుంది. ఆ తరువాత గుర్తు లేదు. కళ్లు తెరిచేసరికి జనగామలో మా ఇల్లు, మా షెడ్డు. చెప్పులు విడిచి, కాళ్లు పైకి పెట్టుకుని ముడుచుకుని ఉన్నాను. గేటు దగ్గర మరిది కాచుకుని ఉన్నాడు.

"ఎట్లాయె వదినె? జారిందా? అమ్ముదామా?"

"నాకేం తెలుసు మరిదీ," అన్నాను చెప్పులు వెతుక్కుంటూ, "తొవ్వంత నిద్రవోయిన."