శబ్దం ఆపి రాసిన సమీక్ష

నేను రాసిన ఒక్క సమీక్ష దెబ్బకి మా మేనత్త నోరు మూతపడింది. అదెంత ఘోరమో మీకు తెలియదు. నౌపడలో ఆవిడ ఇంట్లో దగ్గితే, స్టేషన్లో రైలెక్కేవాళ్ళు వెనక్కి తిరిగి చూస్తారు. అలాంటి గొంతును నాలుగు పేరాలతో నొక్కేసిన ఘనుణ్ణి నేను.

అప్పట్లో విజయనగరంలో ఉద్యోగం చేసుకుంటూ ఒక వెబ్ పత్రికకి ఫోన్ గేముల మీద సమీక్షలు రాసేవాణ్ణి. చదివేది మా బంధువులే. అయినా నా కలానికి దేశం వణుకుతోందని నా నమ్మకం.

మా మేనత్త కూతురు నీలిమ పిల్లల కోసం ఒక గేము చేసింది. పేరు 'గెంతు పెయ్యా'. తాడు తెంపుకున్న ఆవుపెయ్య కంచెలూ, కాలవలూ, ఉప్పు కుప్పలూ గెంతుకుంటూ పారిపోతుంది. వెనకాల ఒక ముసలమ్మ తిట్టుకుంటూ పరిగెడుతుంది. "బావా, మొగమాటం నేకుండా రాయి" అని నాకు పంపింది.

దాన్ని నేను పాసింజరు రైల్లో ఆడాను. ఇయర్‌ఫోన్లు గదిలో మరిచిపోయాను. మీసాలున్న మగాడు పెయ్యను గెంతిస్తున్నాడని పక్క సీటువాళ్ళకి వినబడితే పరువు పోదూ? అందుకని శబ్దం పూర్తిగా ఆపేశాను. పెయ్య గోతిలో పడ్డప్పుడల్లా ముసలమ్మ చేతులు తిప్పుతూ నోరాడిస్తోంది. నాకు నవ్వు రాలేదు. వినకుండా నవ్వెలా వస్తుందని మీకు తోచింది గానీ, నాకు తోచలేదు.

తీరా రాయడానికి కూర్చుంటే, మాటల గురించి ఒక పేరా లేకపోతే నిండుగా ఉండదనిపించింది. విన్నట్టే రాసేశాను. "హాస్యం పండలేదు. ముసలమ్మ గొంతు మరీ కృత్రిమం. ఎక్కడో ఏసీ గదిలో కూర్చున్న నటి మా యాసను అరువు తెచ్చుకున్నట్టుంది. మా వైపు ఆడవాళ్ళు ఇలా మాట్లాడరు."

తరవాతి ఆదివారం నౌపడ వెళ్ళాను. "వచ్చినావా నాన్నా, కాళ్ళు కడుక్కో" అంది అత్త, పక్కనున్న నాకే సరిగా వినబడనంత మెల్లగా.

"అత్తకి గొంతు నొప్పా?" అని నీలిమని అడిగాను.

నీలిమ తన ఫోన్లో గేము తెరిచి, శబ్దం పెంచి పెయ్యను గోతిలో పడేసింది.

"ఏటే, కళ్ళు అటక మీద ఎట్టొచ్చినావేటి? సూసుకుని గెంతలేవూ?"

చిన్నప్పుడు గోడ మీంచి పడ్డప్పుడల్లా నన్ను లేపి కూర్చోబెట్టిన గొంతు అది. నా చేతిలో పకోడీ జారి కింద పడింది.

"ముందే చెప్పొచ్చుగా."

"అమ్మే వద్దన్నాది బావా. నా గొంతని తెలిస్తే ఆడు మెచ్చుకుంటాడు, తెలీకుండానే రాయనీ అన్నాది. ఇప్పుడు రెండో భాగానికి మైకు ముందుకి రానంటన్నాది."

జీవితమంతా 'మెల్లగా మాట్లాడు' అనిపించుకున్న మనిషి. ఆ గొంతును కావాలని అడిగింది ఈ గేమొక్కటే. నాకు నిజంగా ఏడుపొచ్చింది. వంటింట్లోకి వెళ్ళి, "అత్తా, తప్పయిపోయింది" అన్నాను.

"తప్పేటుందిరా. సదువుకున్నోడివి, నాది నౌపడ మాట కాదన్నావు. పుట్టి పెరిగింది ఇక్కడే గదా, మరి ఈ మాటెక్కడ నేర్సుకున్నానో అని ఆలోసిస్తన్నాను."

"అది కాదత్తా. నేను అసలు వినలేదు. శబ్దం ఆపేసి ఆడాను."

అత్త గరిటె కింద పెట్టింది.

"ఇనలేదా?"

"లేదు."

"ఇనకుండానే బాగోలేదని రాసినావా?"

అవునన్నట్టు తలూపాను. అప్పుడు తెరుచుకుంది అత్త నోరు.

"ఒరే గాడిదా, సెవులెందుకురా నీకు, కళ్ళజోడు తగిలించుకోడానికా? కూర నోట్లో ఎట్టుకోకుండానే ఉప్పు సాల్లేదంటావా? పెళ్ళికెళ్ళకుండానే బోజనాలు బాగోలేదంటావా?"

చూరు మీది పావురాలు లేచిపోయాయి. తిట్లు తింటూ అంత సంతోషపడటం నా జన్మలో అదే మొదలు. నీలిమ మాత్రం ఫోన్ మా వైపు పట్టుకుని, చప్పుడు చెయ్యకుండా గుమ్మంలో నిలబడింది.

రెండో భాగం వచ్చింది. అందులో చెవుల్లో దూది పెట్టుకున్న గాడిద ఒకటి దారికి అడ్డంగా నిలబడి, ప్రతిదానికీ పెదవి విరుస్తుంది. ముసలమ్మ దాన్ని వాయించేస్తుంది. పిల్లలు ముందుకి పోవడం మానేసి, ఆ తిట్ల కోసం మళ్ళీ మళ్ళీ గాడిదనే గుద్దుకుంటున్నారట. సమీక్షకులందరూ ఆ తిట్లు ఎంత సహజంగా ఉన్నాయో అని మెచ్చుకున్నారు. నేను మాత్రం ఏమీ రాయలేదు. నేను వేషం వేసిన గేముకి నేనే సమీక్ష రాయడం మర్యాద కాదు.

కనుక పాఠకులారా, ఇయర్‌ఫోన్ల మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట దేన్నైనా విన్నాకే విమర్శిస్తాను. మూడో భాగానికి తిట్లు చాలడం లేదు, ఇంకొక్క సమీక్ష అలాగే రాసిపెట్టు బావా అని నీలిమ బతిమాలుతోంది. పక్కనుంచి అత్త గొంతు సవరించుకుంటోంది. అయినా సరే, రాయను.