ముద్ర పడని టికెట్లు

ఇర్వింగ్‌లో మా వీధి మలుపులో ఉండే ఆవిడకీ నాకూ మాటలు లేవు. ఎందుకని అడిగితే ఆవిడ ఒకటి చెబుతుంది, నేనొకటి చెబుతాను. వినడానికి నాది బాగుంటుంది. ఆవిడది నిజం. ఈ ఒక్కసారికి ఆవిడ చెప్పేదే రాస్తున్నాను, అదీ మనస్ఫూర్తిగా కాదు.

నేను కథలు చెబుతానని ఇక్కడ అందరికీ తెలుసు. ఇక్కడ అంటే హైవేల మధ్య ఇరుక్కున్న మా నాలుగు వీధులూ, రెండు ఇండియన్ గ్రోసరీ షాపులూ. మా పెరట్లోకి తొండ వస్తే, నేను చెప్పేటప్పటికి అది మొసలి పిల్ల అవుతుంది. వడగళ్ళు పడితే కొబ్బరికాయలంత పడతాయి. పాట్‌లక్‌కి అందరూ పులిహోరో బిర్యానీయో మోసుకొస్తారు. నేను కథ తీసుకెళ్తాను. ఖాళీ చేతులతో వచ్చానని ఇన్నేళ్ళలో ఒక్కరూ అనలేదు.

ఆవిడ తప్ప. వడగళ్ళ వాన సంగతి చెబుతుంటే ఆవిడ ఫోన్ తీసి, ఇన్సూరెన్స్ వాళ్ళ కోసం పక్కన స్కేలు పెట్టి తీసిన ఫోటో అందరికీ చూపించింది. "కొబ్బరికాయ కాదు వదినా, నిమ్మకాయంత" అంది. పదిమందిలో. ఆ రోజు నుంచే ఆ మనిషంటే నాకు మంట.

ఇక ఇటలీ సంగతి. ఈ గొడవకు రెండేళ్ళ ముందు మా ఆయనా నేనూ వెళ్ళాం. మా ఆయన పదకొండేళ్ళు వీసా మీద బతికిన మనిషి. ప్రభుత్వం వాసన ఉన్న ఏ కాగితాన్నయినా మడవకూడదు, దాని మీద రాయకూడదు, పిన్ను గుచ్చకూడదు. పారదర్శకమైన ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి నల్ల ఫైల్‌లో చేర్చాలి. గ్రీన్ కార్డ్ వచ్చాక కూడా ఆ జబ్బు తగ్గలేదు. ఎక్కడికెళ్ళినా ఆ ఫైల్ వెంట ఉండాల్సిందే. అందులో మా పెళ్ళి సర్టిఫికెట్ కూడా ఉంది, నేను ఆయన భార్యనని ఎవరైనా అనుమానిస్తారేమోనని.

ఒక చిన్న ఊళ్ళో, స్టేషన్ పక్కన సిగరెట్లమ్మే కొట్లో, లోకల్ రైలుకి రెండు టికెట్లు కొన్నాం. వాటి మీద రైలు టైమ్ లేదు, సీట్ నంబర్ లేదు. ఏ రైలయినా ఎక్కొచ్చట. "ఇదేం టికెట్? తారీఖు కూడా లేదు" అని మా ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పారు. కొట్టువాడు ప్లాట్‌ఫారం మీదున్న చిన్న పెట్టె వైపు వేలు చూపించి, గాల్లో చేత్తో ఏదో గుద్దినట్టు చేశాడు. ఆ పెట్టెకు చిన్న నోరుంది. జనం టికెట్ అందులో పెడుతున్నారు, అది టక్‌మని కొరికి, ఆ రోజు తారీఖూ టైమూ అచ్చేసి వదులుతోంది. అది పడితేనే టికెట్ మొదలైనట్టు. రైలెక్కే ముందు ప్రయాణికులే ఆ పని చేసుకోవాలి, అడిగేవాళ్ళుండరు.

మా ఆయన కాసేపు ఆ పెట్టెను చూశారు. "ఒరిజినల్ తీసుకెళ్ళి మిషన్ నోట్లో పెడతామా? చింపేస్తే?" అన్నారు. టికెట్లు రెండూ ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, పాత వీసా అప్రూవల్ కాగితం వెనక దాచారు. నాకూ ఆ పెట్టె నచ్చలేదు, దాని మొహమే బాగాలేదు.

రైలు కదిలాక టికెట్లు చూసే ఆవిడ వచ్చింది. మా ఆయన గర్వంగా ఫైల్ తెరిచారు. ఆవిడ టికెట్లను కవర్‌లోంచి లాగి, వెలుతురుకు ఎత్తిపట్టి చూసింది. "ముద్ర లేదు. అంటే మీరు ఈ టికెట్‌నే రేపు మళ్ళీ వాడుకుంటారు" అంది, ముక్కలు ముక్కలైన ఇంగ్లీషులో. మా ఆయన కంగారుగా అప్రూవల్ కాగితం చూపించారు. తర్వాత పెళ్ళి సర్టిఫికెట్. తర్వాత ఇంజనీరింగ్ డిగ్రీ. ఆవిడ డిగ్రీని తలకిందులుగా పట్టుకుని చదివి నవ్వింది. ఎదురు సీట్లో ఎవరో ముసలాయన కూడా నవ్వాడు. జరిమానా కట్టాం, రసీదు ఇచ్చింది. దాన్ని కూడా మా ఆయన కవర్‌లో పెట్టారు. ఆ రోజంతా కిటికీ అవతలి ద్రాక్ష తోటల వైపు, అవేదో తనకు అన్యాయం చేసినట్టు చూస్తూ కూర్చున్నారు.

ఇంటికొచ్చాక మొదటి పాట్‌లక్‌లో ఎవరో "ఇటలీ ఎట్లుంది?" అని అడిగారు. మా ఆయన చెవులు ఎర్రబడటం చూశాను. అందుకని నేనే అందుకున్నాను. ఫైల్ చూడగానే ఆ ఇన్‌స్పెక్టర్ నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టిందన్నాను. "ఇంజనీరుగారూ, మీలాంటి వాళ్ళకి ముద్రలేంటి" అందన్నాను. రెండోసారి చెప్పినప్పుడు ఆవిడ కాఫీ కూడా తెచ్చింది. మూడోసారి మాతో ఫోటో కోసం రైలు ఆపారు. మా ఆయన పక్కన కూర్చుని ప్లేటులో గారె ముక్కలు చేస్తుండేవారు, అవుననలేదు, కాదనలేదు. మొదటిసారి చెప్పింది ఆయన కోసమే. ఆ తర్వాతవన్నీ నా కోసం.

పోయిన వసంతంలో గ్రోసరీ షాపులో బెండకాయల దగ్గర మా వీధి మలుపు ఆవిడ నన్ను పట్టుకుంది. పక్కన మా వీధివాళ్ళు నలుగురున్నారు.

"వదినా, నెక్స్ట్ మంత్ ఇటలీ పోతున్నం. పాప అక్కడ ఆర్కిటెక్చర్ సెమిస్టర్ చేస్తుంది కదా, దాని మోడల్ ఎగ్జిబిషన్ ఉన్నది. లోకల్ ట్రెయిన్ ఎక్కాలె. టికెట్‌కి స్టాంప్ కొట్టియ్యాలని ఎవరో చెప్పిన్రు. నిజమేనా?"

"నేను చెప్పింది నమ్మలేదా వదినా?"

"నమ్మలేదు కాబట్టే అడుగుతున్న."

నలుగురూ బెండకాయలు ఏరడం ఆపేశారు. అవును, కొట్టించుకో అని ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆ మాట నాలుక దాకా వచ్చింది కూడా. కానీ అది చెబితే సెల్యూట్ పోతుంది, కాఫీ పోతుంది, ఆగిన రైలు పోతుంది. పైగా ఆ నిమ్మకాయ గుర్తొచ్చింది.

"కొట్టించుకో వదినా, నీ ఇష్టం. మాకైతే అవసరం రాలేదు. ఫైల్ పద్ధతిగా ఉన్నవాళ్ళని వాళ్ళు ఏమీ అనరు."

"మాకు లేదా ఫైల్? మా ఆయన ఫైల్ చూసినవా నువ్వు? ట్యాబ్స్ ఉంటయి దానికి!"

అంతే. దాని తర్వాత జరిగింది నేను చూడలేదు, విన్నాను. వాళ్ళూ టికెట్లు ముద్ర లేకుండా ట్యాబ్‌లున్న ఫైల్‌లో పెట్టుకున్నారు. ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఆవిడ భర్త సెల్యూట్ కోసం ఎదురుచూశాడు. అది రాలేదు. మా ఫ్రెండ్స్‌ని మీరే గౌరవించారని వాదించాడు, జరిమానా కట్టనన్నాడు. తర్వాతి స్టేషన్‌లో దించేశారు. ఒక బెంచీ, రెండు పావురాలు తప్ప ఏమీ లేని స్టేషన్. గంటన్నర తర్వాత ఇంకో రైలు. వాళ్ళు చేరేసరికి ఎగ్జిబిషన్ అయిపోయింది. మిగతా పిల్లల తల్లిదండ్రులు ఫోటోలు దిగి వెళ్ళిపోయారు. పాప ఒక్కతే తన మోడల్‌ను అట్టపెట్టెలో సర్దుకుంటోంది.

ఆ పిల్ల ఆ దేశంలో నాలుగు నెలలున్నది. ముద్ర వేయించకుండా ఎక్కేది ఎవరో దానికి తెలుసు, అదే టికెట్‌తో మళ్ళీ ప్రయాణం చేద్దామనుకునేవాళ్ళు. వాళ్ళ నాన్న సంగతి కూడా తెలుసు. ఏడాది వాడిన వాక్యూమ్ క్లీనర్‌ను నచ్చలేదని స్టోర్‌లో వెనక్కిచ్చి వచ్చిన మనిషి. "రెండు టికెట్లు మిగుల్చుకోవడానికి నా డే పాడు చేశావు, డాడీ" అంది. ఇంటికొచ్చాక కూడా ఆయనతో మాట్లాడలేదు. ఆగస్టులో కాలేజీకి మోరిస్‌విల్ వైపు వెళ్ళాలి, రెండు రోజుల డ్రైవ్. ప్రతి ఏడూ తండ్రీ కూతుళ్ళు కలిసి వెళ్ళేవారు. ఈసారి డాడీ రావక్కర్లేదు, ఫ్రెండ్ కారులో వెళ్తానంది.

వెళ్ళే ముందు రోజు, శనివారం పొద్దున ఆవిడ మా తలుపు కొట్టింది. వాళ్ళాయన బయట కారులోంచి దిగలేదు, స్టీరింగ్ పట్టుకుని ముందుకే చూస్తున్నాడు.

"వచ్చి పాపకి చెప్పు, మేం చెప్తే నమ్ముతలేదు. మా ఆయన దొంగతనంగా ఎక్కలేదని చెప్పు. నీ మాట నమ్మిండని చెప్పు. పిచ్చోడన్నా పర్లేదు, దొంగ అనొద్దు."

"నేను చెబితే ఎవరు నమ్ముతారు వదినా? నా కొబ్బరికాయల్ని నిమ్మకాయలు చేసింది నువ్వే కదా."

"దానికింకా ఏడుస్తున్నవా! రేపు పొద్దున పోతది పిల్ల. ఆయన రాత్రి కారుకి ఆయిల్ మార్పిచ్చి పెట్టిండు, పిల్ల వద్దన్నా గూడ."

తలుపు మూసేద్దామనే అనుకున్నాను. సగం మూశాను కూడా. వెనక నుంచి మా ఆయన వచ్చారు, చంకలో నల్ల ఫైల్. చెప్పులేసుకుంటూ "పద" అన్నారు. రెండేళ్ళలో ఆ విషయం మీద ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది.

వాళ్ళ ఇంట్లో పాప మెట్ల మీద పెట్టెల మధ్య కూర్చుని ఉంది. "హాయ్ ఆంటీ" అంది, చూడకుండానే. వాళ్ళ నాన్న లోపలికొచ్చి వంటింటి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. నేను మొదలుపెట్టాను. నిజమే చెప్పాలనుకున్నాను. కానీ నోటికి అలవాటైపోయింది. "మొన్న మేం వెళ్ళినప్పుడమ్మా, ఒక ఇన్‌స్పెక్టర్, ఏడడుగుల మనిషి..."

"వద్దు" అన్నారు మా ఆయన.

ఫైల్ తెరిచి, కవర్‌లోంచి రసీదు తీసి పాప చేతికిచ్చారు. అది ఇటాలియన్‌లో ఉంది. ఆ పిల్ల గడగడా చదివింది.

"టూ ప్యాసింజర్స్. టికెట్స్ వాలిడేట్ చేయలేదు. అక్కడే పే చేశారు." తలెత్తింది. "అంకుల్, మీకు సెల్యూట్ చేయలేదా?"

"లేదమ్మా. మిషన్‌లో పెడితే కాగితం పాడవుతుందని నేనే వేయించలేదు. నా డిగ్రీ కూడా చూపించాను. ఆవిడ దాన్ని తలకిందులుగా పట్టుకుని నవ్వింది."

అంతే చెప్పారు. గదిలో ఎవరూ కదల్లేదు. ఇన్నేళ్ళుగా ఇన్ని కథలు చెప్పాను, ఒక్కదానికీ ఇలాంటి నిశ్శబ్దం రాలేదు. మొసలికి రాలేదు, కొబ్బరికాయలకు రాలేదు. పక్కనే నిలబడి ఆయన మీద అసూయతో ఉడికిపోయాను.

పాప వాళ్ళ నాన్న వైపు తిరిగింది. "సో, ఆంటీ చెప్పింది నమ్మావా నువ్వు? ఈ ఆంటీ?"

"నమ్మిన బిడ్డా."

"మమ్మీ కూడా?"

వడగళ్ళను స్కేలుతో కొలిచిన మనిషి కింద టైల్స్ వైపు చూసింది. "నేనే చెప్పిన ఆయనకి, స్టాంప్ వద్దని" అంది చివరికి. నా వైపు చూసిన ఆ చూపును ఏ స్కేలుతోనూ కొలవలేం. ఇక్కడ నేనేమీ పెంచడం లేదు.

పాప రసీదు మా ఆయనకు తిరిగిచ్చింది. కాసేపు పెట్టె మూతకు టేపు అంటించుకుంటూ కూర్చుంది. "మార్నింగ్ సెవెన్‌కి స్టార్ట్ అవ్వాలి డాడీ. లేట్ చేయకు" అంది. ఆయన గరాజ్‌లోకి వెళ్ళాడు. లోపలి నుంచి కారు డిక్కీ తెరిచిన చప్పుడు వచ్చింది.

ఆవిడ మమ్మల్ని గుమ్మం దాకా సాగనంపింది. ఎప్పుడో సొరకాయ పప్పు ఇచ్చి పంపిన నా స్టీలు గిన్నె తెచ్చి చేతిలో పెట్టింది. "నీ పని అయిపోయింది. ఇక మా ఇంటికి రాకు" అంది.

"పిలిచినా రాను" అన్నాను. అప్పటి నుంచి మాటలు లేవు. గ్రోసరీ షాపులో ఆవిడ బెండకాయల దగ్గరుంటే నేను దొండకాయల వైపు వెళ్తాను.

అది కాదు నా బాధ. ఇప్పుడు పాట్‌లక్‌లలో మా ఇటలీ కథ ఆవిడే చెబుతోంది. ఒక్క అక్షరం పెంచదు, ఒక్కటి తగ్గించదు. డిగ్రీ తలకిందులుగా పట్టుకోవడం దాకా వచ్చేసరికి జనం పొట్టలు పట్టుకుంటారు. నా కథకు ఎప్పుడూ అంత నవ్వలేదు. మా ఆయన కూడా నవ్వుతూ, "అవును, అలాగే జరిగింది" అంటున్నారు. ఆ మనిషి గారె రెండోది కూడా వేసుకుంటున్నారు.

మొన్న వాళ్ళింట్లో కాదులెండి, వేరేవాళ్ళింట్లో, నేను కొత్త కథ ఒకటి మొదలుపెట్టాను. మా గరాజ్‌లోకి పాము వచ్చింది, తాటిచెట్టంత. రెండో వాక్యంలో ఉన్నాను. ఓ మూల నుంచి ఎవరో అరచేయి చాచి, రెండో చేత్తో దాని మీద ముద్ర వేసినట్టు టక్‌మని కొట్టారు. గదంతా నవ్వింది.

పాము నిజంగానే వచ్చింది. మూరెడు ఉంటుంది.